వంద అడుగుల టవరు, మన నల్లరేగడి నేల

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ జ్ఞాపకంగా బడికి ఏం చేద్దామన్న మాట వచ్చినప్పుడు చాలా సూచనలు వచ్చాయి. మంచినీళ్ళ ప్లాంటు, ఆడపిల్లలకు మరుగుదొడ్లు అన్నారు. ఆ రెండూ ఒప్పుకున్నాం, పని కూడా మొదలైంది. మూడోది పిల్లల కోసం హామ్ రేడియో కేంద్రం. సైన్సు గది పక్కన సెట్టు, ఆటస్థలంలో వంద అడుగుల టవరు, దాని నెత్తిన గుండ్రంగా తిరిగే పెద్ద యాంటెన్నా. అమెరికాలో ఉన్న మన తమ్ముళ్ళు కొందరు యాంటెన్నా ఖర్చు తాము భరిస్తామన్నారు. కరెంటు లైన్ల పనిలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఉన్నవాణ్ణి, హామ్ లైసెన్సు ఉన్నవాణ్ణి కాబట్టి దీని మంచిచెడ్డలు చెప్పమని కార్యవర్గం వారు నన్ను నిలబెట్టారు.

చందాల కోసం వేసిన కరపత్రంలో దీనికి "తుపాను సహాయ టవరు" అని పేరు పెట్టారు. నేను ఎక్కువగా మాట్లాడబోయేది ఆ పేరు గురించే. ఆ పేరు చూసి జనం డబ్బులిస్తారు. ఇచ్చాక అది నిజం కావాలి కదా. మామూలు రోజుల్లో నిలబడటం గొప్పేం కాదు, గెడకర్రైనా నిలబడుతుంది. తుపాను రాత్రి నిలబడాలి, తెల్లారి దాంతో పని జరగాలి.

హామ్ రేడియో అంటే తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం అని ఒకటుంది. వాళ్ళ పరీక్ష రాసి పాసైతే లైసెన్సు, ఒక పిలుపు గుర్తు ఇస్తారు. ఆ గుర్తుతో, వాళ్ళు కేటాయించిన తరంగాల మీద, మన సెట్టుతో మనం ప్రపంచంలో ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు. వ్యాపారానికి వాడకూడదు. మధ్యలో సెల్ కంపెనీ ఉండదు, ఎక్స్ఛేంజి ఉండదు, తీగ ఉండదు. ఇక్కడ ఒక బ్యాటరీ, అక్కడ ఒక బ్యాటరీ, మధ్యలో ఆకాశం. రాజీవ్ గాంధీ గారికి కూడా ఈ లైసెన్సు ఉండేది.

మన సంఘం పెట్టిన రెండేళ్ళకు, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. ఇక్కడున్న పెద్దవాళ్ళకు అది పుస్తకంలో చదివిన సంగతి కాదు. ప్రభుత్వ లెక్కల్లోనే చనిపోయినవారు పదివేల దాకా ఉన్నారు. తీగలు తెగాయి, స్తంభాలు ఒరిగాయి, ఏ ఊరు ఉందో ఏ ఊరు పోయిందో చెప్పే దిక్కు లేదు. అప్పుడు విజయవాడలో సహాయ కార్యక్రమాల సమన్వయానికి హామ్‌లు తోడ్పడ్డారు. మన దేశంలో హామ్ రేడియో చరిత్ర చెప్పేటప్పుడు విజయవాడ పేరు ఆ సందర్భంలోనే వస్తుంది. కాబట్టి మన బడిలో ఇలాంటి కేంద్రం పెట్టాలనుకోవడం ఎక్కడి నుంచో ఎరువు తెచ్చుకున్న సరదా కాదు. దానికి ఈ నేలలోనే వేరు ఉంది.

ఇంకొకటి చెప్పాలి. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారు బృందంతో పోర్ట్ బ్లెయిర్ వెళ్ళారు. అండమాన్ నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటానికి వెళ్ళారు, అంతే. 26వ తేదీన సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. ఆవిడ సెట్టే ద్వీపాలకూ బయటి ప్రపంచానికీ వారధి అయింది. ఆవిడ దిగింది హోటల్లో. అక్కడ వంద అడుగుల టవరేమీ లేదు.

ఈ మాట ఊరికే అనలేదు. ఇక్కడ నుంచే అసలు లెక్క మొదలవుతుంది.

యాంటెన్నా ఎత్తు పెంచితే అన్నిటికీ మంచిదే అని ఒక అభిప్రాయం ఉంది. అది సగమే నిజం. హామ్‌లు ఎక్కువగా వాడే 7 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 40 మీటర్లు. దాని మీద పనిచేసే మామూలు తీగ యాంటెన్నా సుమారు 20 మీటర్ల పొడవుంటుంది. ఆ తీగను నేలకు దగ్గరగా, అంటే ఇరవై, ముప్ఫై అడుగుల ఎత్తున అడ్డంగా కడితే తరంగం ఎక్కువ భాగం నిట్టనిలువుగా పైకి వెళుతుంది. పైనున్న అయనోస్పియర్ పొర దాన్ని తిప్పి కిందకు పంపుతుంది. కళ్ళాపి చల్లినట్టు చుట్టూ రెండు మూడు వందల కిలోమీటర్ల మేర పడుతుంది. అవనిగడ్డ, నాగాయలంక, బందరు, బాపట్ల, హైదరాబాదు అన్నీ అందులోకి వస్తాయి. పగలు 7 మెగాహెర్ట్జ్, రాత్రి ఆ పొర పలచబడ్డాక 3.5 మెగాహెర్ట్జ్. దీనికి కావలసింది రెండు కొబ్బరిచెట్లు, ఒక రాగితీగ.

అదే యాంటెన్నాను వంద అడుగుల మీద పెడితే తరంగం నేలకు వాలుగా, దూరంగా పోతుంది. జపాన్, యూరప్, అమెరికా పలుకుతాయి. దివిసీమ అంత బాగా పలకదు. మన పక్క ఊరిని దాటుకుని పోతుంది.

అంటే ఏమిటి? దూరదేశాలతో మాట్లాడటానికి ఎత్తు కావాలి. తుపాను రోజున జిల్లాలో మాట్లాడుకోవడానికి కిందనున్న తీగ చాలు. కరపత్రంలో ఈ రెండింటినీ ఒకే టవరుకు కట్టేశారు. దూరదేశాలతో మాట్లాడాలన్న ముచ్చట తప్పేం కాదు. తొమ్మిదో తరగతి పిల్ల మైకు పట్టుకుని బ్రెజిల్‌తో మాట్లాడితే ఆ పిల్లకు భూగోళం పాఠం జన్మలో మరవదు. ఆ ముచ్చట కోసమే అడుగుదాం, దాని పేరుతోనే అడుగుదాం.

ఇక చేతిలో పట్టుకునే వాకీటాకీలు. ఇవి 145 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. తరంగం దాదాపు కంటిచూపులా తిన్నగా పోతుంది, భూమి వంపు దగ్గర ఆగిపోతుంది. ఎంత దూరం అందుతుందో చెప్పడానికి ఒక సూత్రం ఉంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. రెండు వైపులా లెక్కేసి కలపాలి. 30 మీటర్ల టవరుకు సుమారు 22 కిలోమీటర్లు, అవతల పది మీటర్ల గెడ ఉంటే ఇంకో 13. మొత్తం 35. విజయవాడ నుంచి అవనిగడ్డ గీత గీసినట్టు కొలిచినా 60 కిలోమీటర్ల పైమాటే. అందదు. విజయవాడ చుట్టూ కొండలున్నాయి. ఏ కొండ మీదైనా 150 మీటర్ల ఎత్తు దొరికితే ఆ ఒక్క వైపు నుంచే 50 కిలోమీటర్లు వస్తుంది, అవతలి గెడతో కలిపి 63. అంటే దివిసీమకు వాకీటాకీ పలకాలంటే మన ఆటస్థలంలో ఇనుము పెంచడం దండగ. అనుమతి తీసుకుని కొండ మీద చిన్న రిపీటరు పెట్టుకోవడం మేలు.

అయితే ఊళ్ళో సంగతి వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగాయి. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. కరెంటు లేదు, ఫోను చార్జింగు లేదు, పడవ ఏ సందులోకి వెళ్ళాలో చెప్పడానికి మనిషే నీళ్ళలో నడిచి రావాలి. అలాంటప్పుడు 18 మీటర్ల, అంటే అరవై అడుగుల టవరున్నా చేతి సెట్టుకు ఇరవై కిలోమీటర్లు అందుతుంది. నగరమంతా అందులో వస్తుంది.

ఇక్కడే నా అభిప్రాయం చెప్పేస్తాను. వంద అక్కర్లేదు, అరవై చాలు. దూరదేశాల కోసం ఎక్కువగా వాడే 14 మెగాహెర్ట్జ్ మీద తరంగం 20 మీటర్లు. అరవై అడుగుల ఎత్తున యాగీ యాంటెన్నా పెడితే తరంగం సుమారు 17 డిగ్రీల వాలులో బయలుదేరుతుంది. వంద అడుగుల మీద పెడితే 10 డిగ్రీలు. ఆ తేడాకు విలువ ఉంది, కాదనను. పోటీల్లో పాల్గొనే హామ్‌లు దాని కోసం ఆస్తులు అమ్ముకుంటారు. బడి పిల్లలకు 17 డిగ్రీలు చాలు.

సరే, మీరంతా వందే కావాలంటే నేనేమీ అడ్డుపడను. అప్పుడు దేన్ని ఎదుర్కోవాలో మాత్రం వినండి.

మనం అనుకుంటున్నది స్టే వైర్లతో నిలబెట్టే టవరు. గుడి ముందు ధ్వజస్తంభం దాని పాతిక మీద అది నిలబడుతుంది. ఇది అలా కాదు. ఇది పందిరి రాట లాంటిది. మొదలు ఊరికే నేల మీద కూర్చుంటుంది, నిలబెట్టేవి చుట్టూ లాగి కట్టిన తాళ్ళు. మూడు కాళ్ళ ఇనుప జాలీ ముక్కలు, ఒక్కోటి పదడుగులు, పదింటిని ఒకదాని మీద ఒకటి బిగిస్తారు. సుమారు 10, 20, 28 మీటర్ల ఎత్తుల దగ్గర మూడు వైపులకూ స్టే వైర్లు లాగుతారు. ఆ తీగలు నేలకు దిగే చోటు టవరు మొదలు నుంచి ఎనభై అడుగుల దూరాన ఉండాలి. దగ్గరగా దించితే తీగ నిటారుగా అయిపోయి టవరును పక్కకు ఆపదు, కిందకు నొక్కుతుంది. అంటే ఆటస్థలంలో నూట అరవై అడుగుల అడ్డుకొలత గల చక్రం పోయినట్టే. మన ఫుట్‌బాల్ కోర్టు సంగతి పీఈటీ మాస్టారు ఆలోచించుకోవాలి.

ఇందాక టిఫిన్ల దగ్గర ఒక తమ్ముడు అడిగాడు, "సెల్ టవర్లు నిలబడుతున్నాయి కదన్నయ్యా" అని. ఊరి బయట నేల మీద మీరు చూసేవాటిలో చాలావరకు నాలుగు కాళ్ళ మీద తమంతట తాము నిలబడేవి. వాటికి స్టేలు ఉండవు, బదులుగా కింద పెద్ద పునాది, పైన ఎన్నో రెట్లు ఇనుము ఉంటుంది. ఆ ఖర్చు మన వల్ల కాదు. తీగలతో ఇనుము ఆదా చేస్తున్నాం కాబట్టి ఆ భారం నేల మోయాలి.

ఇప్పుడు గాలి. మన దేశపు ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విజయవాడకు ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు 44 మాత్రమే, అక్కడి డిజైను తెచ్చి ఇక్కడ పెడతామంటే కుదరదు. 50 మీటర్ల గాలి ఒక చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బలంతో తోస్తుంది. యాంటెన్నా, టవరు ఇనుము, కేబులు కలిపి గాలికి ఎదురుపడే వైశాల్యం ఐదు చదరపు మీటర్లనుకుంటే 750 కిలోలు. గుండ్రటి లెక్క ఇది, డిజైను చేసే ఇంజనీరు ఇంకా చాలా చూస్తాడు. అందులో వంద దాకా టవరు మొదలు తీసుకుంటుంది. మిగతా 650 కిలోలు గాలి వచ్చే వైపున్న స్టేలు మోయాలి.

వైరు తెగుతుందని భయం లేదు. మన కరెంటు స్తంభాలకు వాడే ఏడు పోగుల స్టే వైరు, పోగు 3.15 మిల్లీమీటర్లది, మూడున్నర టన్నుల దాకా ఆగుతుంది. మా లైన్‌మెన్ కళ్ళు మూసుకుని కడతారు. నా భయమంతా వైరు అవతలి చివర మీద.

ఆ చివర నేలలో కాంక్రీటు దిమ్మకు కట్టి ఉంటుంది. తీగ ఏటవాలుగా లాగుతుంది కాబట్టి దిమ్మకు రెండు బాధలు. ఒకటి పైకి లేవడం, రెండు టవరు వైపు ఈడ్చుకుపోవడం. నేను చెప్పిన ఎత్తులు, దూరాలతో లెక్కేస్తే పైకి లాగే బలం 560 కిలోల దాకా, పక్కకు ఈడ్చే బలం 650 కిలోలు. ఒక ఘనమీటరు కాంక్రీటు బరువు 2,400 కిలోలు. కాగితం మీద చూస్తే నాలుగు రెట్లు ఉంది, బ్రహ్మాండం అనిపిస్తుంది.

ఈ దిమ్మను రాయలసీమలో పాతితే నేనూ బ్రహ్మాండమే అంటాను. మన బడి వెనక బందరు కాలువ పారుతోంది. తుపాను వచ్చే నాటికి నాలుగు రోజుల ముసురు పట్టి ఉంటుంది, కాలువ నిండి ఉంటుంది, నేలలో నీళ్ళు పైదాకా వచ్చి ఉంటాయి. నీళ్ళలో మునిగిన రాయి తేలికవుతుందని ఎనిమిదో తరగతిలో సైన్సు మాస్టారు చెప్పిందే. ఆ ఘనమీటరు దిమ్మ నీళ్ళలో 1,400 కిలోలే తూగుతుంది. అందులోంచి పైకి లాగే 560 తీసేస్తే మిగిలింది 840. దిమ్మ అడుగున బురద. దాని ఒరిపిడి బరువులో మూడో వంతు దొరికిందనుకున్నా 280 కిలోలు. ఈడ్చేది 650. మిగిలిన 370 కిలోలనూ దిమ్మ ముందున్న మట్టి ఆపాలి. ఆ మట్టి ఏమిటి? మన నల్లరేగడి. ఎండాకాలం పలుగుకు లొంగదు, చెయ్యి దూరేంత బీటలు ఇస్తుంది. వానాకాలం ఉబ్బి మెత్తబడి అరిటిపండులా ఉంటుంది. ఏటా ఉబ్బడం, ముడుచుకోవడం వల్ల దిమ్మ చుట్టూ సందు కూడా ఏర్పడి ఉంటుంది. దిమ్మ జానెడు జరిగితే చాలు, ఆ వైపు వైర్లు వదులవుతాయి, టవరు వంగుతుంది, తర్వాత ఆపేవాళ్ళు లేరు.

ఇదంతా మామూలు కట్టడం లెక్క. "తుపాను సహాయం" అన్న పేరు ఉంచుకుంటే ఇంకోటి ఉంది. అదే ఐఎస్ 875, 2015 నాటి ప్రతిలో, తూర్పు తీరానికి 60 కిలోమీటర్ల లోపు ఉండి తుపాను తర్వాత పనికి రావలసిన కట్టడాలకు గాలి వేగాన్ని 1.3 రెట్లు చేసుకోమంది. మన బడి ఆ గీతకు దగ్గర్లోనే ఉంది. గీతకు అవతలున్నామా ఇవతలున్నామా అని మనం వాదించుకోవచ్చు గాని గాలి ఆ వాదన వినదు. 50 కాస్తా 65 మీటర్లవుతుంది, గంటకు 234 కిలోమీటర్లు. గాలి బలం వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది 30 శాతం పెరగడం కాదు, దాదాపు 70 శాతం. పైకి లాగే 560 వెళ్ళి 950 దగ్గర కూర్చుంటుంది. నీళ్ళలో 1,400 తూగే దిమ్మ మీద అది ఎంత చాలీచాలని సంగతో చెప్పక్కర్లేదు.

అరవై అడుగులైతే ఇదే లెక్కలో మొదటి గాలికి 350 కిలోలు, రెండో గాలికి 600. స్టేల చక్రం నూరడుగుల్లో సర్దుకుంటుంది, ఆటస్థలం ఒక మూలకు జరుగుతుంది. నేను అరవై అనడానికి యాంటెన్నా వాలు కన్నా ఇది పెద్ద కారణం.

దీనికి మందు లేకపోలేదు. నల్లరేగడిలో ఇళ్ళు కట్టడానికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్ళు రూపొందించిన అండర్ రీమ్డ్ పైల్ మన వైపు మేస్త్రీలకు కొత్త కాదు. ఆగరుతో లోతుగా బొక్క వేసి, అడుగున కుండలా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. సుమారు మూడున్నర మీటర్ల కింద నేల ఎండకూ వానకూ అంతగా మారదు. ఆ కుండ అక్కడ కూర్చుంటే పైకి లాగినా దాని మీదున్న మట్టినంతా లేపాలి. ఒక్కో స్టే చోట అలాంటివి రెండు వేసి, పైన దిమ్మతో కలిపితే నాకు నిద్ర పడుతుంది. మట్టి పరీక్ష చేయించి, స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతోనే ఇది జరగాలి. నా మాట మీదో, ఇంటర్నెట్‌లో చూసిన బొమ్మ మీదో జరగకూడదు.

మన నేల గురించి అన్నీ చెడ్డగా చెప్పాను, ఒక మంచి కూడా చెప్పాలి. తడి నల్లరేగడిలో కరెంటు బాగా పారుతుంది. పిడుగు దింపే ఎర్తింగుకు అది వరం. నిలువు యాంటెన్నాకు ఇంకా వరం. ఆకాశవాణి విజయవాడ 1948 డిసెంబరు 1 నుంచి పలుకుతోంది. ఇప్పుడు దాని మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్. ఆ తరంగం పొడవు సుమారు 358 మీటర్లు, అందులో నాలుగో వంతే 90 మీటర్లవుతుంది. అలాంటి ప్రసారాల్లో స్తంభమే యాంటెన్నా, నేల దానికి అద్దంలో సగం. 7 మెగాహెర్ట్జ్‌కు అదే నాలుగో వంతు పది మీటర్లు. ముప్ఫై మూడడుగుల అల్యూమినియం గొట్టం నిలబెట్టి, చుట్టూ బండిచక్రం ఆకుల్లా రాగితీగలు నేలలో పరిస్తే మన తడి నేల మీద అది దూరదేశాలకు చక్కగా పలుకుతుంది. తుపాను హెచ్చరిక రాగానే ఇద్దరు పిల్లలు దాన్ని పడుకోబెట్టగలరు, గాలి పోయాక మళ్ళీ లేపగలరు. చందాలు చాలకపోతే మొదటి ఏడు ఈ గొట్టం, కొబ్బరిచెట్ల మధ్య తీగ, ఈ రెండింటితో కేంద్రం తెరిచెయ్యవచ్చు. తుపాను సహాయానికి ఇవి రెండే అసలైన సామాను.

టవరు కడితే కొన్ని షరతులు, ఇవి బేరానికి రావు. బడి ముందు నుంచి పోయే 11 కేవీ లైను ఉంది. టవరు ఏ వైపు పడినా, స్టే తెగి కొట్టుకున్నా ఆ లైనుకు తగలనంత దూరంలో ఉండాలి. నా ఉద్యోగంలో కరెంటు తీగ మీద ఇనుప గొట్టం పడిన కేసులకు వెళ్ళాను, వాటి గురించి ఈ సభలో చెప్పను. గన్నవరం విమానాశ్రయం దగ్గర కాబట్టి ఎత్తు విషయంలో ముందే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. టవరు చుట్టూ పదడుగుల దాకా ఎక్కడానికి వీల్లేని కంచె ఉండాలి. సంక్రాంతికి గాలిపటం చిక్కుకుంటే మన పిల్లలు ఊరుకుంటారా? మనం ఊరుకున్నామా? స్టే వైర్లకు మనిషి ఎత్తున పసుపురంగు గొట్టాలు తొడగాలి, లేకపోతే సాయంత్రం చీకట్లో పరుగెత్తే పిల్లవాడి మెడకు తగులుతాయి.

వైర్ల మధ్యలో కరెంటు స్తంభాలకు పెట్టే గుడ్డు ఇన్సులేటర్లు పెట్టాలి. లేకపోతే పొడవాటి స్టే వైరే యాంటెన్నాలా మారి తరంగాన్ని తినేస్తుంది. ఆ గుడ్డులో ఒక అందం ఉంది, రెండు వైపుల వైర్లూ ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. పింగాణీ పగిలినా వైరు ఊడదు, కొక్కెంలా పట్టుకుంటుంది.

కట్టడం ఒక పండగ, చూసుకోవడం ఏటా పని. స్టేను నేలలోని దిమ్మకు కలిపే కడ్డీ నేల పైన తళతళలాడుతూ ఉంటుంది, ఒక అడుగు కింద, తడీ పొడీ మారే చోట తుప్పు తినేస్తుంది. ఏటా మట్టి తీసి చూడాలి. టర్న్‌బకిల్స్ వదులు కాకుండా వాటికి తీగ చుట్టి ఉందో లేదో చూడాలి. ఒక్కో వైరు బిగువు దాని బలంలో పదో వంతు, అంటే 350 కిలోల దగ్గర ఉందో లేదో కొలవాలి. ఇదంతా సెప్టెంబరు నెలాఖరుకు, తుపాన్ల కాలం ముదరక ముందే అయిపోవాలి. దీనికి విడిగా డిపాజిటు వేసి, దాని వడ్డీతోనే ఈ పని జరిగేలా తీర్మానం చేయకపోతే టవరు వద్దనే నా ఓటు. టవరుకు చందా ఇచ్చేవాళ్ళు దొరుకుతారు, పన్నెండో ఏట బోల్టు మార్చడానికి చందా ఇచ్చేవాళ్ళు దొరకరు.

చివరగా ఒక్క విషయం. వేసవి సెలవుల్లో పిల్లలుండరు కాబట్టి మే నెలలో మట్టి పరీక్ష చేయించి వెంటనే పునాదులు తవ్వేద్దామని కార్యవర్గం అనుకుంటోంది. దయచేసి అలా చేయకండి. మేలో కాలువ కట్టేసి ఉంటుంది. నేల రాయిలా ఉంటుంది, గుంట తవ్వితే చుక్క నీరు కనపడదు, రిపోర్టు మహా బాగా వస్తుంది. పునాది మేలో పోసుకోండి, కాదనను. దాన్ని నిర్ణయించే గుంట మాత్రం అంతకు ముందటి అక్టోబరులో, వాన పడుతుండగా, కాలువ నిండుగా ఉండగా తవ్వాలి. మూడు స్టేల చోట్లా మూడు గుంటలు. తవ్వకం కూలి నేను ఇస్తాను. కార్యవర్గం వారు, డిజైను చేసే ఇంజనీరు గట్టున నిలబడి, నీళ్ళు ఎన్ని అడుగుల లోతున కనపడ్డాయో టేపుతో కొలిచి, మినిట్స్ పుస్తకంలో తేదీతో సహా రాసి సంతకాలు పెట్టాలి. ఎత్తు అరవయ్యా, వందా అన్నది ఆ పేజీ ముందు పెట్టుకుని ఓటింగు పెడదాం.